స్ట్రాత్కోనా (వాంకూవర్)

స్ట్రాత్కోనా కెనడా దేశపు పశ్చిమ తీరములో, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రానికి చెందిన వాంకూవర్ నగరములోని ఒక పాత నివాస ప్రాంతము. (కెనడాలో రాష్ట్రాన్ని ప్రావిన్సు అని వ్యవహరిస్తారు.) వాంకూవర్‌లో జనం ఇళ్ళు కట్టుకొని స్థిరపడిన తొలి పేట ఇదే గనుక దీనిని నగరములోని అతి పురాతన నివాస ప్రాంతముగా పరిగణిస్తారు. ఇటలీ, ఉక్రెయిన్, రష్యా, చైనా, జపాను మొదలైన దేశాలనుండి వచ్చిన వలస కుటుంబాలకు, యూదులకు, నల్లజాతివారికి ఇది ఒక శతాబ్దానికి పైగా తొలి మజిలీగా ఉన్నది.

1950, 1960 దశకాలలో నగర పాలకులు ఈ పేటను మురికివాడగా నిర్ణయించి, దశలవారీగా కూలగొట్టి కొత్తగా కట్టాలని తలపెట్టారు. 15 బ్లాకులు నేలమట్టమైన తరువాత నివాసులు 1968లో సంఘంగా ఏర్పడి మిగిలిన ఇళ్ళను కాపాడుకున్నారు. ఈ విజయము కెనడాలో నగర ప్రణాళికా విధానాన్నే మార్చివేసినందువల్ల స్ట్రాత్కోనా చరిత్ర నగరాభివృద్ధిని అధ్యయనం చేసే విద్యార్థులకు ముఖ్యమైన పాఠ్యాంశమైనది.

పేరు

తొలినాళ్ళలో ఈ ప్రాంతాన్ని "ఈస్ట్ ఎండ్", అనగా తూర్పు కొస అని పిలిచేవారు. పాత నివాసులు చాలాకాలం ఈ పేరునే వాడారు. స్ట్రాత్కోనా అనే పేరు ఇక్కడి పాఠశాల నుండి వచ్చినది. 1891లో ఆరంభమైన ఈ పాఠశాలకు తరువాత లార్డ్ స్ట్రాత్కోనా పేరు పెట్టారు. ఆయన అసలు పేరు డోనాల్డ్ స్మిత్. హడ్సన్స్ బే కంపెనీలో ఉన్నత పదవులు నిర్వహించినవాడు, కెనడియన్ పసిఫిక్ రైల్వే నిర్మాతలలో ఒకడు. కెనడా తూర్పు పడమరలను కలిపిన ఆ రైలు మార్గంలో చివరి మేకును 1885 నవంబరు 7న క్రెయిగెలాకీ అనే చోట కొట్టినది ఆయనే. ఇరవయ్యో శతాబ్దపు మధ్యభాగంలో నగర ప్రణాళికా విభాగము పాఠశాల పేరును పేటకంతటికీ వాడసాగింది. క్రమంగా అదే స్థిరపడినది.

ఆల్బర్టా రాష్ట్రములోని ఎడ్మంటన్ నగరములో ఓల్డ్ స్ట్రాత్కోనా అనే మరొక ప్రాంతము ఉన్నది. రెండింటికీ పేరు ఒకే వ్యక్తినుండి వచ్చినా వాటిమధ్య వేరే సంబంధము లేదు.

భౌగోళికము

స్ట్రాత్కోనా నగర కేంద్రానికి తూర్పున, చైనాటౌన్‌ను ఆనుకొని ఉన్నది. ఉత్తరాన హేస్టింగ్స్ వీధి, దక్షిణాన ఫాల్స్ క్రీక్ ఫ్లాట్స్ అనే చదును నేల, పశ్చిమాన చైనాటౌన్, తూర్పున రైలు పట్టాలు, వాటి ఆవల క్లార్క్ డ్రైవ్ దీని ఎల్లలుగా చెప్పుకోవచ్చును. నగరపాలక సంస్థ గణాంకాల కొరకు గీసిన స్ట్రాత్కోనా విభాగము ఇంతకంటే పెద్దది. చైనాటౌన్‌లోనూ, దాని ఉత్తరాన ఉన్న డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్‌లోనూ కొంత భాగం అందులో చేరుతుంది. ఆ విభాగపు జనాభా 2016 జనగణనలో సుమారు 12,600.

పెండర్, కీఫర్, జార్జియా, యూనియన్, ప్రయర్ వీధులు తూర్పు పడమరలుగాను, డన్‌లెవీ, జాక్సన్, ప్రిన్సెస్, హీట్లీ, హాక్స్, క్యాంబెల్ అవెన్యూలు ఉత్తర దక్షిణాలుగాను సాగుతాయి. వీటి నడుమ ఏర్పడిన ఒక్కొక్క ఇళ్ళ సముదాయాన్ని బ్లాకు అంటారు. బ్లాకు మధ్యలో ఇళ్ళ పెరటివైపున ఒక సన్నని సందు ఉంటుంది. ఈ పేట చరిత్రలో ఇటువంటి సందు ఒకటి ప్రసిద్ధి కెక్కినది.

ఫాల్స్ క్రీక్ అనే సముద్రపు పాయ ఒకప్పుడు తూర్పున క్లార్క్ డ్రైవ్ దాకా వ్యాపించి ఉండేది. 1910 దశకంలో రైల్వే కంపెనీలు తమ యార్డుల కొరకు దాని తూర్పు భాగాన్ని పూడ్చివేసినవి. అందువల్ల ఒకనాటి నీటి అంచు పేట పట్టాల అంచు పేటగా మారినది. నేటి స్ట్రాత్కోనా పార్కు కూడా ఇలా పూడ్చిన నేలమీదనే ఉన్నది.

చరిత్ర

తొలి కాలము

ఈ భూభాగము అనాదిగా మస్క్వియం, స్క్వామిష్, స్లేల్‌-వాటుత్ అనే ఆదివాసీ జాతులది. 1865లో బరార్డ్ ఇన్‌లెట్ దక్షిణపు ఒడ్డున ఒక కోతమిల్లు వెలసినది. తరువాత ఇది హేస్టింగ్స్ మిల్లుగా పేరు పొందినది. మిల్లు కార్మికులు దానికి దక్షిణాన గుడిసెలు, ఇళ్ళు కట్టుకోవడంతో ఈ పేటకు బీజం పడినది. వాంకూవర్ 1886 ఏప్రిల్‌లో నగరంగా ఏర్పడినది. అదే సంవత్సరము జూన్ 13న జరిగిన అగ్నిప్రమాదంలో నగరము చాలావరకు కాలిపోయినది. 1887 మేలో తొలి రైలు రావడంతో నగరము వేగంగా పెరిగినది. కలవారు పడమటివైపుకు తరలిపోగా, ఓడరేవులోను, మిల్లులలోను, రైళ్ళలోను పనిచేసే కూలీలు, కొత్తగా వలస వచ్చినవారు ఈస్ట్ ఎండ్‌లో ఉండిపోయారు.

వలస సమాజాలు

యూదులు హీట్లీ అవెన్యూ, ఈస్ట్ పెండర్ వీధుల కూడలిలో తమ ప్రార్థనా మందిరాన్ని నిర్మించుకున్నారు. ఆ భవనము తరువాత నివాస గృహాలుగా మారినది. ఉక్రెయిన్ నుండి వచ్చిన కార్మికులు 1928లో ఈస్ట్ పెండర్ వీధిలో లేబర్ టెంపుల్ అనే సమావేశ మందిరాన్ని కట్టుకున్నారు. ప్రయర్, యూనియన్ వీధుల పరిసరాలలో ఇటలీవారు ఎక్కువగా ఉండేవారు.

ఉత్తరాన ఉన్న పావెల్ వీధి జపానీ కెనడియన్లకు కేంద్రము. వారి పిల్లలు అనేకులు స్ట్రాత్కోనా పాఠశాలలో చదివేవారు. సాయంత్రం అలెగ్జాండర్ వీధిలోని జపాను భాషా పాఠశాలకు వెళ్ళేవారు. 1941 డిసెంబరులో జపాను యుద్ధానికి దిగిన తరువాత కెనడా ప్రభుత్వము 1942లో పశ్చిమ తీరములోని 21,000 మందికి పైగా జపానీ కెనడియన్లను లోపలి ప్రాంతాలకు తరలించి, వారి ఇళ్ళను, దుకాణాలను, పడవలను అమ్మివేసినది. వారిలో అధికులు కెనడాలోనే పుట్టినవారు లేదా ఆ దేశ పౌరసత్వము గలవారు. తీరానికి తిరిగి రావడానికి 1949 వరకు అనుమతి లభించలేదు. 1988లో ప్రభుత్వము క్షమాపణ చెప్పి పరిహారము ప్రకటించినది.

చైనా వారిది మరొక విధమైన కష్టము. 1885 నుండి ప్రతి చైనా వలసదారుపై తలపన్ను విధించారు. మొదట 50 డాలర్లుగా ఉన్న ఈ పన్ను 1903 నాటికి 500 డాలర్లకు పెరిగినది. 1923 చట్టము చైనానుండి వలసను దాదాపు పూర్తిగా నిషేధించినది. ఆ చట్టము 1947లో రద్దు కావడంతో ఏళ్ళ తరబడి దూరమైన భార్యాబిడ్డలు రావడానికి వీలు కలిగినది. ఆ కుటుంబాలకు చైనాటౌన్‌లోని గదులు చాలలేదు. నగరంలోని అనేక ఇతర పేటలలో ఆసియా వారికి ఆస్తి అమ్మేవారు కారు. అందువల్ల వారు పక్కనే ఉన్న స్ట్రాత్కోనాలో ఇళ్ళు కొనుక్కున్నారు. 1960ల నాటికి ఇక్కడి నివాసులలో అత్యధికులు చైనా కెనడియన్లే.

హోగన్స్ ఆలీ

యూనియన్, ప్రయర్ వీధుల నడుమ, మెయిన్ వీధి నుండి జాక్సన్ అవెన్యూ వరకు సాగిన పెరటి సందుకు హోగన్స్ ఆలీ అని పేరు. వాంకూవర్‌లో నల్లజాతివారు ఒక సమాజంగా నివసించిన ప్రాంతము ఇది ఒక్కటే. రైలు స్టేషను దగ్గరగా ఉండుట ఇందుకు ముఖ్య కారణము. ఆ రోజులలో రైళ్ళలో నిద్రపెట్టెల సేవకులుగా నల్లజాతి పురుషులను నియమించేవారు.

జాక్సన్ అవెన్యూలోని ఫౌంటెన్ చాపెల్ అనే చర్చి వారి సామాజిక కేంద్రము. దాని స్థాపనకు కృషి చేసినవారిలో నోరా హెండ్రిక్స్ (1883–1984) ఒకరు. ప్రఖ్యాత గిటారు విద్వాంసుడు జిమీ హెండ్రిక్స్‌కు ఈమె నాయనమ్మ. యూనియన్ వీధిలోని వీస్ చికెన్ అండ్ స్టీక్ హౌస్ అనే భోజనశాలలో ఈమె వంట పని చేసినది. ఆ భోజనశాల నగరమంతటా పేరు పొందినది. 1970 దశకపు ఆరంభంలో కొత్త వయాడక్టుల కొరకు హోగన్స్ ఆలీ పశ్చిమ భాగాన్ని కూల్చివేయడంతో ఈ సమాజము చెల్లాచెదురైనది.

పట్టణ పునర్నిర్మాణ పథకము

1950లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు లెనార్డ్ మార్ష్ ఈ పేటపై ఒక సర్వే నివేదిక వెలువరించాడు. కెనడా సాంఘిక భద్రతా విధానానికి పునాది వేసిన 1943 నివేదిక రచయిత ఈయనే. పాత ఇళ్ళను తొలగించి ప్రభుత్వ గృహాలు కట్టాలని ఆయన సూచించాడు. 1957లో నగరపాలక సంస్థ తయారు చేసిన పునరభివృద్ధి ప్రణాళిక దీనిని మరింత విస్తరించినది.

ఈ పథకము పనిచేసిన తీరు గమనింపదగినది. ఎలాగూ కూల్చబోయే పేట కదా అని నగరపాలక సంస్థ ఇక్కడ రోడ్లు, కాలిబాటల మరమ్మతులు నిలిపివేసినది. ఇంటి యజమానులకు ఇల్లు బాగుచేసుకొనే అనుమతులు దొరకడం కష్టమైనది. మరమ్మతులు లేక ఇళ్ళు పాడైనవి. పాడైన ఇళ్ళను చూపి ఇది మురికివాడ అన్నారు. అనగా, రోగ నిర్ణయమే రోగానికి కారణమైనది.

1960 దశకంలో మొదటి రెండు దశలలో 15 బ్లాకులను కూల్చివేశారు. సుమారు 3,300 మంది నివాసము కోల్పోయారు. ఆ స్థలాలలో మెక్లీన్ పార్కు గృహ సముదాయము, రేమర్ ప్లేస్ మొదలైన ప్రభుత్వ గృహాలు వెలసినవి. సొంత ఇంట్లో తల్లిదండ్రులు, పిల్లలు, బంధువులు కలిసి ఉంటూ, ఒకటి రెండు గదులు అద్దెకిచ్చి, పెరట్లో కూరగాయలు పండించుకొనే కుటుంబాలకు అపార్టుమెంటులోని అద్దె గదులు సరిపడలేదు. పుచ్చుకున్న పరిహారముతో నగరంలో మరొక ఇల్లు కొనడం అనేకులకు సాధ్యము కాలేదు.

ఫ్రీవే వివాదము

ఇదే సమయములో నగర కేంద్రానికి ఫ్రీవే (కూడళ్ళు లేని, కార్లు ఆగకుండా పోయే వెడల్పాటి రహదారి) వేయాలనే ప్రతిపాదన వచ్చినది. 1967లో ప్రకటించిన మార్గము చైనాటౌన్‌లోని క్యారల్ వీధి మీదుగా పోతుంది. వ్యాపారులు, విద్యార్థులు, ఆచార్యులు, వాస్తుశిల్పులు కలిసి దీనిని వ్యతిరేకించారు. బహిరంగ విచారణలలో తీవ్రమైన నిరసన వ్యక్తమగుటచే 1968 ఆరంభంలో కౌన్సిల్ ఆ మార్గాన్ని ఉపసంహరించుకున్నది. ఫ్రీవేలో భాగంగా తలపెట్టిన జార్జియా, డన్స్‌మ్యూర్ వయాడక్టులు (స్తంభాలపై సాగే వంతెన రోడ్లు) మాత్రము నిర్మాణమై 1972లో ప్రారంభమైనవి. కేంద్రభాగము గుండా ఫ్రీవే లేని నగరంగా వాంకూవర్‌కు నేడు గల ప్రత్యేకతకు ఈ ఉద్యమమే మూలము.

నివాసుల సంఘము

పునర్నిర్మాణ పథకపు మూడవ దశ అమలైతే స్ట్రాత్కోనాలో మిగిలిన ఇళ్ళలో అధిక భాగము పోయేది. దీనిని ఎదుర్కొనడానికి 1968 డిసెంబరులో స్ట్రాత్కోనా ఆస్తి యజమానులు, అద్దెదారుల సంఘము ఏర్పడినది. ఆంగ్లములో దాని పేరులోని తొలి అక్షరాలను కలిపి "స్పోటా" అని పిలుస్తారు. పేరులో యజమానులతోపాటు అద్దెదారులను కూడా చేర్చుకొనడం గమనార్హము. మేరీ లీ చాన్, వాల్టర్ చాన్ దంపతులు, వారి కుమార్తె షర్లీ చాన్, బెస్సీ లీ, హ్యారీ కాన్ దీని ప్రముఖులలో కొందరు.

సంఘము ప్రతి బ్లాకుకు ఒక ప్రతినిధిని నియమించినది. వారు ఇంటింటికీ వెళ్ళి విషయము వివరించేవారు. సమావేశాలు, ప్రకటనలు చైనా, ఆంగ్ల భాషలు రెండింటిలోను ఉండేవి. ఆంగ్లము రాని పెద్దల మాటను కెనడాలో చదువుకున్న పిల్లలు అధికారులకు వినిపించేవారు. రాజకీయ నాయకులను చైనా విందులకు ఆహ్వానించి, తమ ఇళ్ళను చూపించి, సమస్యను ముఖాముఖి తెలియజేయడం వీరి మరొక పద్ధతి. మైక్ హార్కోర్ట్ అనే యువ న్యాయవాది వీరికి న్యాయ సహాయము అందించాడు. నగరపాలక సంస్థలో ఉద్యోగిని అయిన డార్లీన్ మర్జారీ నివాసుల పక్షాన నిలిచినది.

కేంద్ర మంత్రి పాల్ హెల్యర్ గృహవసతిపై అధ్యయన బృందంతో దేశమంతటా పర్యటిస్తూ స్ట్రాత్కోనాకు కూడా వచ్చాడు. 1969 జనవరిలో వెలువడిన ఆ బృందపు నివేదిక పేటలను టోకున కూల్చే పద్ధతిని విమర్శించినది. కూల్చివేతల ఖర్చులో సగము కేంద్రానిదే గనుక కేంద్రము నిధులు ఆపడంతో పథకము నిలిచిపోయినది. నివాసుల భాగస్వామ్యము లేనిదే ముందుకు పోరాదని కేంద్రము 1969లో స్పష్టము చేసినది.

తరువాత కేంద్ర, రాష్ట్ర, నగర ప్రభుత్వాలు, స్పోటా కలిసి స్ట్రాత్కోనా పునరుద్ధరణ ప్రాజెక్టును రూపొందించాయి. కూల్చడానికి ఉద్దేశించిన సొమ్మును ఇళ్ళ మరమ్మతులకు గ్రాంట్లుగా, రుణాలుగా ఇచ్చారు. వీధులను, మురుగు కాలువలను బాగుచేశారు. 1973లో కేంద్రము దేశవ్యాప్తంగా ప్రవేశపెట్టిన పేటల అభివృద్ధి, గృహ మరమ్మతు పథకాలకు ఈ అనుభవము ఆదర్శమైనది. స్పోటా ఖాళీ స్థలాలలో వాస్తుశిల్పి జో వై రూపకల్పనలో కొత్త ఇళ్ళు కూడా కట్టించినది. 1980 దశకపు ఆరంభంలో వెలసిన మౌ డాన్ గార్డెన్స్ సహకార గృహ సముదాయము కూడా సంఘము కృషి ఫలమే. మౌ డాన్ అనగా చైనా భాషలో పియోనీ పువ్వు.

రేమర్ తల్లుల ఉద్యమము

రేమర్ ప్లేస్ గృహాలలోని పిల్లలు అడ్మిరల్ సీమోర్ పాఠశాలకు పోవాలంటే రైలు పట్టాలు దాటాలి. పాఠశాల వేళలలోనే గూడ్సు బండ్లు వచ్చిపోయేవి. ఆగి ఉన్న పెట్టెల కిందుగా కూడా పిల్లలు దూరిపోయేవారు. పాదచారుల వంతెన కావాలని పెట్టిన అర్జీలు ఫలించకపోవడంతో 1971 జనవరిలో సుమారు 25 మంది తల్లులు పట్టాల మీద నిలబడి బండ్లను ఆపివేశారు. రైల్వే కంపెనీ ఒప్పుకొన్న వేళలను పాటించనప్పుడు మళ్ళీ పట్టాలమీదకు వచ్చి డేరా వేశారు. చివరకు కీఫర్ వీధి వద్ద వంతెన నిర్మించక తప్పలేదు. ఈ తల్లులలో అనేకులు పేదవారు, ఒంటరిగా పిల్లలను పెంచేవారు. పథకము కూల్చి కట్టిన గృహాలలోనే మళ్ళీ ఒక ఉద్యమము పుట్టడం విశేషము.

ఇళ్ళు

స్ట్రాత్కోనాలో 1890ల నుండి 1910ల వరకు కట్టిన చెక్క ఇళ్ళు నేటికీ అనేకము ఉన్నవి. సన్నని స్థలము, ఏటవాలు పైకప్పు, వీధివైపు వసారా, నేలమట్టానికి ఎత్తుగా ఉన్న గుమ్మానికి చేరే మెట్లు వీటి సామాన్య లక్షణాలు. 1992లో నగరపాలక సంస్థ ఇక్కడ ఆర్‌టీ-3 అనే ప్రత్యేక నిర్మాణ నిబంధనలు ప్రవేశపెట్టినది. పాత ఇంటిని కూల్చకుండా, దానిలోనే భాగాలు చేసుకోవడానికి, పెరట్లో చిన్న ఇల్లు కట్టుకోవడానికి ఇవి ప్రోత్సాహమిస్తాయి.

పార్కులు, సంస్థలు

మెక్లీన్ పార్కు నగరపు తొలి మేయరు మాల్కం మెక్లీన్ పేరున ఉన్నది. దక్షిణాన గల స్ట్రాత్కోనా పార్కు దానికంటే పెద్దది. దాని సమీపములో 1985లో స్ట్రాత్కోనా సామూహిక తోట, 1991లో కాటన్‌వుడ్ తోట ఆరంభమైనవి. నివాసులు చిన్న చిన్న మడులు తీసుకొని కూరగాయలు, పూలు, పండ్లు పెంచుతారు.

2017లో హేస్టింగ్స్ వీధిలో కొత్త గ్రంథాలయ శాఖ ప్రారంభమైనది. దీనికి మస్క్వియం జాతి భాషలో "నాట్సమట్" అని ఆరంభమయ్యే పేరు పెట్టారు. మనమంతా ఒక్కటే అని దాని భావము. గ్రంథాలయము పై అంతస్తులలో ఒంటరి తల్లులకు, వారి పిల్లలకు నివాసాలు ఉన్నవి.

ఇటీవలి కాలము

కాపాడుకున్న పాత ఇళ్ళే నేడు మరొక సమస్యకు కారణమైనవి. నగర కేంద్రానికి దగ్గరగా, చెట్ల నీడలో ఉన్న ఈ ఇళ్ళ ధరలు విపరీతంగా పెరిగినవి. ఒకప్పుడు కూలీలు కొనుక్కున్న ఇల్లు సామాన్య ఉద్యోగికి అందని వస్తువైనది. మరొక వైపు పక్కనే ఉన్న డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్‌లో పేదరికము, నిలువనీడ లేనితనము తీవ్రమైనవి. 2020 జూన్ నుండి 2021 ఏప్రిల్ వరకు స్ట్రాత్కోనా పార్కులో వందలాది డేరాలు వెలసినవి. ఇదే చదును నేలలో ఆర్థిక మాంద్య కాలంలో, 1931లో, పని దొరకని వారు నగరపు చెత్త దిబ్బపై గుడిసెలు వేసుకొని ఉన్నారు. వారికి ఫస్ట్ యునైటెడ్ చర్చి ఆహారము అందించినది.

వయాడక్టులను తొలగించాలని నగర కౌన్సిల్ 2015లో తీర్మానించినది. ఆ స్థలంలో నల్లజాతి సమాజానికి తిరిగి చోటు కల్పించాలని హోగన్స్ ఆలీ సొసైటీ కోరుతూ వచ్చినది. ఈ విషయమై 2022లో నగరపాలక సంస్థ, సొసైటీల మధ్య అవగాహన ఒప్పందము కుదిరినది. అంతకు ముందు 2019లో యూనియన్ వీధిలో నెలకొల్పిన తాత్కాలిక నివాస భవనానికి నోరా హెండ్రిక్స్ పేరు పెట్టారు.

విశేషాలు

* డాఫ్నీ మార్లెట్, క్యారల్ ఇటర్ అనే రచయిత్రులు ఇక్కడి పాత నివాసుల జ్ఞాపకాలను వారి మాటలలోనే సేకరించి 1979లో "ఓపెనింగ్ డోర్స్" అనే సంకలనముగా వెలువరించారు. ఇది 2011లో పునర్ముద్రణ పొందినది.
* వేసన్ చోయ్ రచించిన "ది జేడ్ పియోనీ" (1995) నవలలో వాంకూవర్ చైనాటౌన్ కుటుంబాల జీవితము చిత్రితమైనది.
* స్పోటాకు న్యాయ సహాయము చేసిన మైక్ హార్కోర్ట్ 1980 నుండి 1986 వరకు వాంకూవర్ మేయరుగాను, 1991 నుండి 1996 వరకు బ్రిటిష్ కొలంబియా ముఖ్యమంత్రి (ప్రీమియర్) గాను పనిచేశాడు.
* 2014లో కెనడా తపాలా శాఖ హోగన్స్ ఆలీ స్మారకంగా ఒక తపాలా బిళ్ళ విడుదల చేసినది. అందులో నోరా హెండ్రిక్స్ చిత్రము ఉన్నది.